గేల్‌స్కోల్ అయిపోతోంది, తర్వాత ఎక్కడికి? ఐరిష్ మీడియం సెకండరీ స్కూల్ ఎవరిని అడిగితే వస్తుంది?

వానలోవడ

మేం ఐర్లాండ్‌లో ఉంటాం. మా పాప గేల్‌స్కోల్‌లో, అంటే ఐరిష్ మీడియం ప్రైమరీ బడిలో, ఫిఫ్త్ క్లాస్. జూనియర్ ఇన్‌ఫెంట్స్ (ప్రైమరీలో మొదటి తరగతి) నుంచి అక్కడే. భాష మీద ప్రేమతో చేర్చామని చెప్పను. ఆ ఏడాది మా ఇంటికి దగ్గర్లో సీటు దొరికిన స్కూల్ అదొక్కటే. ఇప్పుడు చెల్లెలితో పోట్లాట కూడా ఐరిష్‌లోనే, మాకు అర్థం కాకూడదని.

ఇంకో ఏడాదిన్నరలో సెకండరీ. మా ఊళ్ళో మూడు సెకండరీ స్కూళ్ళున్నాయి, మూడూ ఇంగ్లీష్ మీడియమే. దగ్గర్లోని గేల్‌ఖొలాష్టె, అంటే ఐరిష్ మీడియం సెకండరీ, 27 కిలోమీటర్లు, రెండు బస్సులు మారాలి. మొన్న స్కూల్ గేటు దగ్గర ఒకావిడ సంతకాల కాగితం పట్టుకుని నిలబడింది, మన ఏరియాకి గేల్‌ఖొలాష్టె కావాలని. పెట్టాను. పెట్టాక చల్లగా చెప్పింది, ఇది మూడో విడత సంతకాలట, మొదటి విడతలో పెట్టినవాళ్ళ పిల్లలు ఇప్పుడు యూనివర్సిటీలో ఉన్నారట.

ఇంతమంది ఇన్నేళ్ళు అడిగితే ఎందుకివ్వరు? అసలు ఇక్కడ కొత్త స్కూల్‌ని ఎవరు ప్రపోజ్ చేస్తారు, ఎవరు అప్రూవ్ చేస్తారు? నాకు మొదలూ చివరా దొరకడం లేదు.

గుంటూరుమిర్చి

మనకి ఎమ్మెల్యే ఎలాగో ఇక్కడ టీడీ అలాగ. వెళ్ళి కలవండి. మా టీడీ శనివారం లైబ్రరీ పక్క గదిలో కూర్చుంటాడు. గుంతల రోడ్డు గురించి వెళ్తే నాకు టీ ఇచ్చాడు. గుంత అలాగే ఉంది. టీ బాగుంది.

కార్క్_కాకి

బిషప్ ఒప్పుకోవాలి కదా? ఇక్కడ స్కూళ్ళన్నీ చర్చివే అని విన్నాను.

ఓల్డ్‌టైమర్2006

@కార్క్_కాకి, అది ప్రైమరీ కథ. ప్రైమరీలో పదింట తొమ్మిది దాకా క్యాథలిక్ స్కూళ్ళే. సెకండరీలో చర్చి స్కూళ్ళు చాలానే ఉన్నా, ఈటీబీలు (ప్రాంతీయ ప్రభుత్వ విద్యా బోర్డులు) నడిపేవీ, కమ్యూనిటీ స్కూళ్ళూ కూడా బాగా ఉన్నాయి. కొత్తగా వచ్చేవాటికి బిషప్ సంతకం అక్కర్లేదు.

@వానలోవడ గారు, నేను మా ఏరియాలో ఇలాంటి కమిటీలో నాలుగేళ్ళు ఉన్నాను. కాస్త పొడుగ్గా చెప్తాను, టీ పెట్టుకుని చదవండి.

"ఐరిష్ మీడియం స్కూల్ కావాలి" అని అడిగితే అర్జీ తీసుకునే కౌంటర్ ఎక్కడా లేదు. మేం కూడా రెండేళ్ళు ఆ కౌంటర్ కోసమే వెతికాం. డిపార్ట్‌మెంట్, అంటే విద్యాశాఖ, తనకు తాను వేసుకునే మొదటి ప్రశ్న వేరు. ఈ ఏరియాలో రాబోయే ఏళ్ళలో సెకండరీకి వచ్చే పిల్లలు ఎంతమంది, ఉన్న స్కూళ్ళలో చోటు ఎంత? అంతే. దేశం మొత్తాన్ని 314 స్కూల్ ప్లానింగ్ ఏరియాలుగా కోసి పెట్టుకున్నారు. చైల్డ్ బెనిఫిట్ (పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) లెక్కలు, స్కూళ్ళ అడ్మిషన్ లెక్కలు, ఎక్కడ ఎన్ని ఇళ్ళు లేస్తున్నాయి, ఇవన్నీ మ్యాప్ మీద పరిచి చూస్తారు. ఆ ప్లానింగ్, బిల్డింగ్ విభాగం ఉండేది టల్లమోర్‌లో.

పిల్లలు పెరుగుతున్నారని తేలితే ముందు ఉన్న స్కూల్‌కే గదులు కడతారు. అది చాలదంటేనే కొత్త స్కూల్. అప్పుడు మంత్రి ప్రకటిస్తారు, ఫలానా ఏరియాలో ఫలానా సంవత్సరం నుంచి కొత్త స్కూల్ అని. 2018 ఏప్రిల్‌లో అప్పటి విద్యామంత్రి రిచర్డ్ బ్రూటన్ ఒకేసారి 42 ప్రకటించారు, 26 ప్రైమరీ, 16 సెకండరీ. ఎవరు నడుపుతారు, ఏ భాషలో అన్నది ఆ తర్వాతి మాట. ముహూర్తం పెట్టేసి, పందిరి వేసేసి, అప్పుడు పెళ్ళికొడుకుని వెతికినట్టు.

ఆ వెతుకులాటనే పేట్రనేజ్ ప్రాసెస్ అంటారు. పేట్రన్ అంటే మన ఎయిడెడ్ స్కూల్ మేనేజ్‌మెంట్ లాంటిది అనుకోండి. జీతాలు ప్రభుత్వానివి, స్కూల్ స్వభావం, బోర్డు పేట్రన్ చేతిలో. సెకండరీకి సాధారణంగా ముందుకొచ్చేవాళ్ళు మీ ఏరియా ఈటీబీ, ఎడ్యుకేట్ టుగెదర్ (ఏ ఒక్క మతానికీ చెందని స్కూళ్ళు నడిపే సంస్థ), ఐరిష్ మీడియం అయితే ఫొరస్ పాత్రూనఖ్తా. తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో తమకు ఏ పేట్రన్ కావాలో, ఇంగ్లీష్ మీడియమా ఐరిష్ మీడియమా చెప్పాలి. ఆ లెక్కలు, పేట్రన్ల దరఖాస్తులు పెట్టుకుని డిపార్ట్‌మెంట్ నివేదిక రాస్తుంది. న్యూ స్కూల్స్ ఎస్టాబ్లిష్‌మెంట్ గ్రూప్ అని ఒక స్వతంత్ర బృందం దాన్ని చూసి మంత్రికి సిఫార్సు చేస్తుంది. ఆఖరి మాట మంత్రిది.

అంటే మీరు సంతకం పెట్టిన కాగితం ఈ దారిలో ఎక్కడా కనపడదు. అందుకే అది మూడో విడత.

వానలోవడ

చదివాను. టీ చల్లారిపోయింది. అంటే మా ఏరియాలో పిల్లలు పెరగకపోతే, ఉన్న పిల్లలందరూ ఐరిష్ మీడియం కావాలన్నా రాదా?

ఓల్డ్‌టైమర్2006

మామూలు దారిలో రాదు. అదే అసలు గొడవ.

నల్గొండ_నాన్న

ఎవరూ అనరు కాబట్టి నేనే అంటున్న. హైదరాబాద్‌లో తెలుగు మీడియం అంటే ముఖం చిట్లించి, లక్షలు పోసి ఇంటర్నేషనల్ స్కూళ్ళకు పంపే మనం, ఇక్కడికొచ్చి ఐరిష్ మీడియం లేదని బాధపడుతున్నాం. మా చెల్లె పిల్లలకు తెలుగు చదవడం రాదు. తెలంగాణలో 2018లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తేవాల్సి వచ్చింది, మన పిల్లలకు మన భాష చెప్పడానికి!

ఇంకోటి. 2022 సెన్సస్‌లో ఐరిష్ మాట్లాడగలం అన్నవాళ్ళు 18 లక్షల 73 వేల పైచిలుకు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 71,968. ఈ లెక్కకు సపరేటు సెకండరీ స్కూళ్ళా? ఉన్న స్కూళ్ళకే ఇంకో నాలుగు ల్యాబులు కట్టొచ్చు కదా.

వానలోవడ

@నల్గొండ_నాన్న గారు, మొదటి పేరాకి నా దగ్గర జవాబు లేదు. మా పాపకి తెలుగులో తన పేరు రాయడం వచ్చు, అమ్మమ్మ పేరు రాదు. సిగ్గుగానే ఉంది.

పీహెచ్‌డీ_పిచ్చోడు

రెండో పేరాకి నేను చెప్తాను. ఆ 71,968 ఎలా పెరగాలి మరి? ప్రైమరీలో నూటికి ఎనిమిది మంది దాకా ఐరిష్ మీడియంలో ఉన్నారు, సెకండరీకి వచ్చేసరికి అందులో సగం కూడా లేరు. భాష మర్చిపోయేది సరిగ్గా ఆ వయసులోనే. ఎనిమిదేళ్ళు నీళ్ళు పోసి, కాపుకొచ్చే ఏడు పైపు కట్టేసినట్టు.

ఇంకా రాజ్యాంగం 8వ అధికరణంలో ఐరిష్ మొదటి అధికార భాష. 2021లో సవరించిన భాషా చట్టం ప్రకారం 2030 కల్లా ప్రభుత్వోద్యోగాల్లో కొత్తగా చేరేవాళ్ళలో 20 శాతం ఐరిష్ బాగా వచ్చినవాళ్ళు ఉండాలి. ఆ 20 శాతం ఆకాశం నుంచి ఊడిపడతారా?

గుంటూరుమిర్చి

అసలు విషయం ఎవరూ చెప్పట్లేదేంటి. లీవింగ్ సర్ట్ (సెకండరీ చివరి పరీక్ష) ఐరిష్‌లో రాస్తే బోనస్ మార్కులు 😀 చాలా సబ్జెక్టులకు 10 శాతం. మన వాళ్ళు గేల్‌స్కోల్ వైపు చూసేది దీనికోసమే అని మా ఆఫీసులో టాక్.

పీహెచ్‌డీ_పిచ్చోడు

@గుంటూరుమిర్చి, సగమే నిజం. ఆ 10 శాతం నీకు వచ్చిన మార్కుల మీద, పేపర్ మొత్తం మీద కాదు. 75 శాతం దాటితే బోనస్ తగ్గుతూ పోతుంది. మ్యాథ్స్‌కి 5 శాతమే. ఎంసెట్ వెయిటేజీ అనుకుని ఆరేళ్ళు చదివిస్తే దెబ్బతింటారు.

గుంటూరుమిర్చి

ఎంసెట్ వెయిటేజీ మాటెత్తి పాత గాయం కెలికారు.

నర్సమ్మ_గాల్వే

వడ గారికి నా అనుభవం చెప్తాను. మా అబ్బాయికీ ఇదే సమస్య వస్తే ఏనడ్‌లో వేశాం. ఏనడ్ అంటే ఇంగ్లీష్ మీడియం సెకండరీ స్కూల్ లోపలే ఐరిష్ మీడియం విభాగం. కొత్త స్కూల్ కట్టలేనిచోట దీన్నే పరిష్కారంగా చూపిస్తారు.

కాగితం మీద బాగుంటుంది. ఫస్ట్ ఇయర్‌లో చరిత్ర, భూగోళం, మ్యాథ్స్, సైన్స్ అన్నీ ఐరిష్‌లో అన్నారు. సెకండ్ ఇయర్‌లో సైన్స్ టీచర్ వెళ్ళిపోయారు, ఐరిష్‌లో చెప్పగలిగేవాళ్ళు దొరకలేదు, ఇంగ్లీష్‌కి మారింది. తర్వాత మ్యాథ్స్. థర్డ్ ఇయర్‌కి మిగిలింది మూడు సబ్జెక్టులు. క్లాసులో ఐరిష్, తలుపు దాటి కారిడార్‌లో అడుగు పెట్టగానే ఇంగ్లీష్. లంచ్‌లో ఐరిష్ మాట్లాడితే వెక్కిరింపు. ఒకరోజు వాడు ఇంటికొచ్చి "మమ్మీ, నేను మా క్లాస్ గదిలోనే ఐరిష్‌వాణ్ణి" అన్నాడు. మలయాళం అత్తగారు, తెలుగు అమ్మ, ఈ డైలాగ్. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

స్కూల్ పేరు చెప్పను, టీచర్లు మంచివాళ్ళు. తప్పు వాళ్ళది కాదు.

కార్క్_కాకి

ఏనడ్లన్నీ అలా ఉండవండి. కొన్ని బాగా నడిచి పెద్దవై సొంత స్కూల్ అయినవి కూడా ఉన్నాయి. మొదటి మెట్టుగా పనికొస్తుంది.

నర్సమ్మ_గాల్వే

అవుతాయి. ఆ మెట్టు మీద నిలబడ్డవాళ్ళ పిల్లలు మాత్రం ఆ లోపు పెద్దయిపోతారు.

సోమవారం_సోమరి

టీచర్ల కొరత నిజం. నేను సెకండరీలో ఫిజిక్స్ చెప్తాను, ఇంగ్లీష్ మీడియంలో. ఫిజిక్స్ టీచరే దొరకడం కష్టం, ఐరిష్‌లో చెప్పే ఫిజిక్స్ టీచర్ అంటే కుంకుమపువ్వు. పుస్తకాలు కూడా అంతే, సిలబస్ మారితే ఇంగ్లీష్ పుస్తకం ముందొస్తుంది, ఐరిష్‌ది వెనక నడుచుకుంటూ వస్తుంది. దాని కోసం 1998 ఎడ్యుకేషన్ యాక్ట్ కింద కోగ్ అని ఒక సంస్థే పెట్టారు. అయినా మా ఫ్రెండ్ వాళ్ళ స్కూల్‌లో సెప్టెంబర్ అంతా జిరాక్స్ కాగితాలే.

బెల్ఫాస్ట్‌బాబు

బార్డర్ ఇవతల, ఉత్తర ఐర్లాండ్‌లో, కథ వేరు, ఎవరికైనా పనికొస్తుందేమో.

ఇక్కడ 1971లో షాస్ రోడ్‌లో కొన్ని కుటుంబాలు కలిసి ఐరిష్ మీడియం ప్రైమరీ పెట్టుకున్నాయి, బున్‌స్కోల్ ఫోబల్ ఫెర్ష్టె. తొమ్మిది మంది పిల్లలు. ఎవర్నీ పర్మిషన్ అడగలేదు. ప్రభుత్వ గుర్తింపు 1984లో వచ్చింది. పదమూడేళ్ళు చందాలతో నడిపారు. 1991లో సెకండరీ, మళ్ళీ తొమ్మిది మందితోనే. అదే ఇప్పటి కొలాష్టె ఫెర్ష్టె, ఇప్పుడు పిల్లలు 900 దాటారు.

1998 గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం తర్వాత చట్టంలోనే రాశారు, ఐరిష్ మీడియం చదువుని ప్రోత్సహించడం, దానికి వీలు కల్పించడం డిపార్ట్‌మెంట్ బాధ్యత అని. 2011లో స్కూల్ బస్సుల విషయంలో కొలాష్టె ఫెర్ష్టె వాళ్ళు కోర్టుకెళ్తే, ఆ బాధ్యతకి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదని జడ్జి డిపార్ట్‌మెంట్‌ని తప్పుపట్టారు. ఇక్కడ కొత్త స్కూల్ కావాలంటే డెవలప్‌మెంట్ ప్రపోజల్ పెట్టాలి. దాన్ని బహిరంగంగా ప్రచురిస్తారు, రెండు నెలలు ఎవరైనా అనుకూలంగానో వ్యతిరేకంగానో రాయొచ్చు, తర్వాత మంత్రి నిర్ణయం. డంగివెన్‌లో రెండో ఐరిష్ మీడియం సెకండరీ 2015లో అలా తెరిచిందే.

నల్గొండ_నాన్న

తొమ్మిది మందితో మొదలుపెట్టి 900! ఇదొక్కటి నాకు నచ్చింది. అర్జీలు పెట్టుకుంటూ కూర్చోలేదు.

ఓల్డ్‌టైమర్2006

@నల్గొండ_నాన్న, దక్షిణాన కూడా ఒకప్పుడు అలాగే ఉండేది, ముఖ్యంగా ప్రైమరీలో. తల్లిదండ్రులు కలిసి, ఏ జీఏఏ (ఐరిష్ ఆటల సంఘం) క్లబ్బు గదో చర్చి హాలో అద్దెకు తీసుకుని, బల్లలు మోసుకొచ్చి గేల్‌స్కోల్ మొదలుపెట్టేవాళ్ళు. 2011లో రూరీ క్విన్ మంత్రిగా ఉన్నప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. పేట్రన్ ఎవరన్నదాంట్లో తల్లిదండ్రుల మాటకి విలువ పెరిగింది, నిజమే. కానీ జనాభా పెరిగే చోటే ఆ ప్రశ్న అడుగుతారు. పిల్లల సంఖ్య నిలకడగా ఉన్న పాత ఏరియాల్లో ఆ ప్రశ్నే రాదు. డబ్లిన్ 2, 4, 6, 8 ఏరియాల వాళ్ళు ఏళ్ళ తరబడి ఉద్యమం నడపాల్సి వచ్చింది అందుకే. అక్కడ గేల్‌స్కోళ్ళు ఉన్నాయి, కొత్త కాలనీలు లేవు.

వానలోవడ

మా దగ్గర కొత్త కాలనీలు బాగానే లేస్తున్నాయి. కిటికీలోంచి మూడు క్రేన్లు కనిపిస్తాయి. మరి మాకు ఛాన్స్ ఉన్నట్టేనా?

ఓల్డ్‌టైమర్2006

ఉంది. ఉన్నా చేజారేది ఎక్కడో మా కథ చెప్తాను.

మా ఏరియాకి కొత్త సెకండరీ ప్రకటించినప్పుడు మేం స్వీట్లు పంచుకున్నాం. మా గేల్‌స్కోల్‌లో పిల్లలు బోలెడు, మా ఓట్లు చాలు అనుకున్నాం. మా ఇంట్లో వంటింటి టేబుల్ మీద స్కూల్ లిస్టు పరిచి, పక్కన ఏరియా మ్యాప్ పెట్టి, మా ఆవిడ పసుపు హైలైటర్‌తో ఒక్కో ఇల్లూ గుర్తు పెట్టింది. అర్ధరాత్రికి తేలిందేమిటంటే, మా గేల్‌స్కోల్ పిల్లల్లో సగానికి పైగా గీతకి అవతల, పక్క ప్లానింగ్ ఏరియాలో ఉన్నారు. లెక్కలో బరువుండేది ఆ ఏరియా లోపల నివసించే పిల్లల ప్రిఫరెన్సులకే. గేల్‌స్కోల్‌కి పిల్లలు నాలుగు దిక్కుల నుంచీ వస్తారు. ఇంగ్లీష్ మీడియం స్కూల్‌కి ఆ వీధి పిల్లలే వస్తారు. గీత ఎవరికి కలిసొస్తుందో మీరే చూడండి.

రెండో దెబ్బ మేం చేసుకున్నదే. కమిటీలో సగం మంది ఈటీబీ నడిపే గేల్‌ఖొలాష్టె అన్నారు, సగం ఫొరస్ అన్నారు. రెండూ ఐరిష్ మీడియమే. ఈటీబీ అయితే భవనం, అడ్మినిస్ట్రేషన్ బలం ఉంటుందని ఒక వాదన. ఫొరస్ 1993 నుంచి ఐరిష్ మీడియమే చేస్తోంది, మాట మార్చదని ఇంకో వాదన. మూడు మీటింగులు దానికే పోయాయి. ఓట్లు చీలాయి. ఇంగ్లీష్ మీడియం వచ్చింది.

గుంటూరుమిర్చి

తెలుగు సంఘం ఎలక్షన్ గుర్తొచ్చింది. ఒక్క ఊళ్ళో మూడు ఉగాదులు.

పీహెచ్‌డీ_పిచ్చోడు

@గుంటూరుమిర్చి, మూడు చోట్లా పులిహోర మాత్రం ఒకే కేటరర్‌ది.

కార్క్_కాకి

ఓల్డ్‌టైమర్ గారు, చిన్న సందేహం. ఓట్లు చీలినా భాషకి వేసినవి కలిపి లెక్కపెట్టొచ్చు కదా? పేట్రన్ వేరైనా ఐరిష్ మీడియం అన్నవాళ్ళు మొత్తం ఎంతమంది అని.

ఓల్డ్‌టైమర్2006

నివేదికలో ఆ సంఖ్యా కనిపిస్తుంది. కానీ స్కూల్ ఒక పేట్రన్‌కే ఇస్తారు కదా. పైగా అది ఎన్నిక కూడా కాదు. తల్లిదండ్రుల ప్రిఫరెన్సులు పెద్ద అంశమే గానీ ఒక్కటే కాదు, ఆ ప్రాంతంలో ఇప్పటికే ఏ రకం స్కూళ్ళున్నాయన్నదీ చూస్తారు. మా విషయంలో కలిపినా గట్టెక్కేవాళ్ళం కాదు, గీత అవతల పిల్లల వల్ల. అది వేరే సంగతి.

కొత్తగా_వచ్చా

మధ్యలో దూరుతున్నా, తిట్టకండి. మేం హైదరాబాద్ నుంచి జూన్‌లో వస్తున్నాం. బాబుకి 13. ఐరిష్ అస్సలు రాదు. ఫెయిలవుతాడా? టెన్షన్‌గా ఉంది.

సోమవారం_సోమరి

@కొత్తగా_వచ్చా, పన్నెండేళ్ళు నిండాక బయటి దేశం నుంచి వచ్చి చేరేవాళ్ళకి ఐరిష్ నుంచి మినహాయింపు అడగొచ్చు. ప్రిన్సిపాల్‌కి రాసివ్వాలి, సర్టిఫికెట్ ఇస్తారు. 2019 సర్క్యులర్‌లో ఉండేది, 2022లో దాని చోట కొత్తది వచ్చింది. అంతకంటే చిన్నపిల్లలకి వయసు కారణంగా ఇవ్వరు, నేర్చుకోవాల్సిందే. పాత స్కూల్ టీసీ, మార్కుల కాగితాలు బ్యాగులో పెట్టుకోండి, కార్గోలో వేయకండి.

కొత్తగా_వచ్చా

బతికించారు సార్.

నల్గొండ_నాన్న

అడ్మిషన్ మాటొచ్చింది కాబట్టి అడుగుతున్న. వడ గారూ, 27 కిలోమీటర్ల అవతలి స్కూల్‌లో సీటు అయినా ఖాయమా? మా దోస్తు కూతురుకి వెయిటింగ్ లిస్టులో 40వ నంబర్ వచ్చింది.

వానలోవడ

ఖాయం ఏం లేదు. వాళ్ళు ముందు తమ లిస్టులో ఉన్న గేల్‌స్కోళ్ళ పిల్లల్ని తీసుకుంటారు, ఆ లిస్టులో మా స్కూల్ ఆఖరిది. మొన్న ఓపెన్ ఈవెనింగ్‌కి వెళ్ళాం. ప్రిఫాబ్ గదులు, మీద వాన చప్పుడు, పిల్లలు మాత్రం గలగలా ఐరిష్‌లో మాట్లాడుకుంటున్నారు. మా పాప మొహం వెలిగిపోయింది. వెనక్కి వస్తుంటే కారులో లెక్కేసుకున్నాను, పొద్దున ఆరుంపావుకి లేపాలి. ఐదారేళ్ళు.

బెల్ఫాస్ట్‌బాబు

బస్సు సంగతి కనుక్కున్నారా? అక్కడ స్కూల్ ట్రాన్స్‌పోర్ట్ స్కీమ్‌లో దగ్గరి స్కూల్ ఏదో తేల్చేటప్పుడు భాషని కూడా చూస్తారని విన్నాను.

సోమవారం_సోమరి

అవును. దగ్గరి స్కూల్ అంటే ఇంటి ముందున్న ఇంగ్లీష్ మీడియం అనే అర్థం కాదు, భాష, స్కూల్ స్వభావం చూసి తేలుస్తారు. ఐరిష్ మీడియం చదివే పిల్లకి దగ్గరి గేల్‌ఖొలాష్టెనే దగ్గరి స్కూల్‌గా తీసుకోవచ్చు. గడువులోపు అప్లై చేయాలి. గడువు దాటితే సీటు మిగిలితేనే.

వానలోవడ

ఇది నాకు ఎవరూ చెప్పలేదు! థాంక్యూ అండి. ఇంత పెద్ద చర్చలో ముందు చేతికందింది బస్సు.

పీహెచ్‌డీ_పిచ్చోడు

పెట్టండి. కానీ బస్సు దొరికిందని స్కూల్ అడగడం మానకండి, సిస్టమ్‌కి కావాల్సింది అదే. పక్క ఊరికి బస్సు వేస్తే మన ఊళ్ళో డిమాండ్ లేనట్టే లెక్క.

నల్గొండ_నాన్న

అంటే పిల్లని మోస్తే డిమాండ్ కనిపించదు, మోయకపోతే పిల్ల భాష పోతుంది. మంచిగుంది మీ దేశం.

గుంటూరుమిర్చి

"మీ దేశం" ఏంటన్నా, పోయిన నెలేగా సిటిజన్‌షిప్ పార్టీ ఇచ్చావు.

నల్గొండ_నాన్న

బిర్యానీ తిన్నప్పుడు గుర్తులేదా ఇది.

ఓల్డ్‌టైమర్2006

వడ గారు, ఇప్పుడు మీరు చేయగలిగింది చెప్తాను, మేం చేయకుండా చెడిపోయింది. ప్రకటన వచ్చేదాకా ఆగకండి, వచ్చాక ఆన్‌లైన్‌లో పెట్టడానికి కొన్ని వారాలే ఉంటాయి. సంతకాలు వదిలేసి షీట్ తయారు చేయండి. ఒక్కో పిల్లకి ఒక్కో లైన్. ఏ క్లాసు, ఏ ఏడాది సెకండరీకి వెళ్తుంది, ఎయిర్‌కోడ్ (ఇంటి పిన్‌కోడ్ లాంటిది), అది ఏ ప్లానింగ్ ఏరియాలో పడుతుంది. మీ ఒక్క గేల్‌స్కోల్ కాదు, చుట్టుపక్కల ఉన్నవన్నీ, నీన్‌రా అనే ఐరిష్ మీడియం ప్లేస్కూళ్ళు కూడా. గేల్‌ఓడెఖస్ వాళ్ళకి ఫోన్ చేయండి, 1973 నుంచి వేరే పేరుతో ఉన్న సంస్థే అది, ఇలాంటి కమిటీలకి దారి చూపించడం వాళ్ళ పని. పేట్రన్ ఎవరన్నది మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోండి, ఏడుపులైనా సరే అప్పుడే అయిపోవాలి.

ఇంకొక మాట. ప్రిఫరెన్స్ పెట్టినంత మాత్రాన సీటు ఖాయం కాదు, పెట్టినవాళ్ళు అక్కడే చేర్చాలనీ లేదు. ఈ రెండో ముక్క అందరికీ చెప్పండి. "రేపు మనసు మారితే ఇరుక్కుపోతామేమో" అని భయపడి పెట్టనివాళ్ళు మా దగ్గర చాలామంది. మన తెలుగువాళ్ళే ముగ్గురు.

వానలోవడ

రెండు వారాల తర్వాత వస్తున్నాను, పడుకుండిపోయిన థ్రెడ్‌ని లేపినందుకు సారీ.

సంతకాల ఆవిడకి ఓల్డ్‌టైమర్ గారి మెసేజ్ ఇంగ్లీష్‌లో చెప్పాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నాకు పదేళ్ళ క్రితం ఎవరూ ఇలా చెప్పలేదు" అంది. మా వంటింట్లోనే కూర్చున్నాం నలుగురం. ఎక్సెల్ షీట్ పని నాకే పడింది, ఐటీ అంటే అంతే కదా. ఫిఫ్త్ క్లాస్‌లో 28 మంది. మా ఏరియాలో 17, గీత అవతల 9, ఇద్దరు ఇల్లు మారుతున్నారు. కింది క్లాసుల్లో మా వైపే ఎక్కువ, ఆ క్రేన్ల పుణ్యం. పక్క ఊరి గేల్‌స్కోల్ లిస్టు ఈ శనివారం వస్తుంది.

మా పాపకి ఇది అందుతుందా అంటే, నాకే తెలుసు, అందదు. బస్సుకి అప్లై చేశాను. చిన్నది సీనియర్ ఇన్‌ఫెంట్స్. దాని కోసం చేస్తున్నాను.

నర్సమ్మ_గాల్వే

వడ గారు 💚 మీ చిన్నదానికి అందాలి.

కార్క్_కాకి

పేట్రన్ తేల్చారా?

వానలోవడ

రెండు గంటలు పట్టింది, ఒకాయన లేచి వెళ్ళిపోయి కారు తాళాలు మర్చిపోయి మళ్ళీ వచ్చాడు. వచ్చాక ఒప్పుకున్నాడు. ఎవరన్నది ఇక్కడ రాయను, ఈ వేదిక చదివే రెండో తెలుగు కుటుంబం కూడా మా స్కూల్‌లోనే ఉంది.

గుంటూరుమిర్చి

మేమే అది. మా ఎయిర్‌కోడ్ పంపిస్తా, గోల చేయకండి.

ఓల్డ్‌టైమర్2006

షీట్‌లో ఏరియా కాలమ్ మొత్తం నిండిందా?

వానలోవడ

ఇంకా నాలుగు ఇళ్ళు. ఒకాయన ఎయిర్‌కోడ్ ఇవ్వనంటున్నాడు, టీవీ లైసెన్స్ వాళ్ళకి దొరికిపోతానట. షీట్ హెడ్డింగ్‌లో ఐరిష్ పేరు మీద ఫాదా (దీర్ఘం చూపే) గీత పెట్టలేదని మా పాప నిన్న ప్రింట్ తీసి ఎర్ర పెన్నుతో దిద్ది ఫ్రిజ్‌కి అంటించింది. అది సరిచేసి మళ్ళీ అందరికీ పంపాలి.